పాలసీసా నుండి పర్వత బాట వరకు

మేక మన తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పాలకు, మాంసానికి, బక్రీద్ ఖుర్బానీకి, చేతిలో డబ్బు లేనినాడు అమ్ముకొని గడుపుకొనే పొదుపుగా మేకను నమ్ముకున్న కుటుంబాలు ప్రతి పల్లెలోనూ ఉంటాయి. అయితే మనిషి పక్కన నడుస్తూ, అతని సామాను మోస్తూ, రాత్రి అతని గుడారం పక్కనే పడుకొనే ప్రయాణపు తోడుగా మేకను ఊహించినవారు మనలో అరుదు. అమెరికా పశ్చిమ భాగంలోని వయోమింగ్, ఐడహో, మొంటానా, కొలరాడో, యూటా వంటి పర్వత రాష్ట్రాలలో ఇలాంటి మేకలను పెంచే కుటుంబాలు ఉన్నాయి. వారు పుట్టి కొద్ది రోజులైనా కాని పిల్లను ఇంటికి తెచ్చుకొని సీసాతో పాలు పడతారు. వెంట తిప్పుకొంటూ పెంచుతారు. అది పెరిగి పెద్దదయ్యాక దానితో కలిసి రోజుల తరబడి కొండదారులలో నడుస్తారు.

ఈ పెంపకంలో ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. సీసాతో పాలు పట్టి మేకపిల్లను మచ్చిక చేసుకోవడానికి కొన్ని వారాలు చాలును. కాని దాని వీపుపై పూర్తి బరువు పెట్టడానికి నాలుగు సంవత్సరాలు ఆగాలి. ఆ నాలుగేళ్లలో దానికి ప్రేమ కావాలి, హద్దులు కావాలి, వయసుకు తగిన పని కావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా చివరకు దక్కేది తోడు కాదు, ఇంటికి ఒక బెడద. బిడ్డలను పెంచే తల్లిదండ్రులకు ఈ మాట కొత్తగా తోచదు. అందుకే ఈ దూరదేశపు అలవాటును కాస్త దగ్గరగా చూడటం మనకూ ఉపయోగకరం.

పాత విద్య, కొత్త వాడుక

మనిషి మేకను మచ్చిక చేసుకొని సుమారు 10,000 సంవత్సరాలు అయినది. పశ్చిమ ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వత ప్రాంతంలో తొలినాటి పెంపుడు మేకల ఎముకలు లభించాయి. మేకచేత బరువు మోయించడం కూడా నిన్నమొన్నటి విషయం కాదు. హిమాలయాలలోని కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాలకు చెందిన భోటియా వర్తకులు తరతరాలుగా గొర్రెల మీద, మేకల మీద చిన్న జంట సంచులు వేసి, దిగువ లోయల ధాన్యాన్ని టిబెట్‌కు, అక్కడి ఉప్పును, ఉన్నిని దిగువకు చేరవేసేవారు. ఒక్కొక్క జంతువు మోసేది పదో పన్నెండో కిలోలే అయినా, మంద పెద్దది కావడం వలన సరుకు భారీగానే కదిలేది. 1962 యుద్ధంతో సరిహద్దు మూతపడి ఆ వర్తకం ఆగిపోయినది.

మన తెలుగు నేలపై ఈ పనిని ఎద్దు చేసినది. ఎద్దు వీపుకు ఇరువైపులా వేలాడే జంట గోనెను మన పెద్దలు ‘పెరిక’ అన్నారు. పెరికెద్దులను తోలుకుంటూ ఊరూరా తిరిగిన వర్తకుల కాలం పోయినా ఆ మాట నిలిచి ఉన్నది. మేక వీపుపై వేసే జంట సంచులకు ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుకుందాము.

నేటి అమెరికా అలవాటుకు ఆద్యుడిగా జాన్ మియోంజిన్‌స్కీ పేరు చెబుతారు. 1970ల తొలి సంవత్సరాలలో ఆయన వయోమింగ్ పర్వతాలలో పెద్దకొమ్ముల అడవి గొర్రెలపై పరిశోధన చేస్తూ, తన సామగ్రిని మోయడానికి మేకలను వాడి చూశారు. గుర్రాలు, కంచరగాడిదలు తడబడే బండదారులలో కూడా మేకలు నిబ్బరంగా నడిచాయి. ఆ అనుభవాన్ని ఆయన 1992లో ‘ది ప్యాక్ గోట్’ అనే పుస్తకంగా వెలువరించారు. ఆ తరువాత ఈ అలవాటు ఎందరో నడకప్రియుల ఇళ్లకు పాకినది.

మేకకు ఈ పనిలో ఉన్న అనుకూలతలు సామాన్యమైనవి కావు. రెండుగా చీలిన గిట్టలు, వాటి అడుగున మెత్తని భాగం రాళ్లపై మంచి పట్టునిస్తాయి. అది దారి పొడవునా ఆకూ అలమూ తిని పొట్ట నింపుకొంటుంది గనుక, దాని కోసం మేత మోసుకుపోవలసిన అవసరం తక్కువ. గుర్రపు డెక్కతో పోలిస్తే అది నడిచిన బాట చెడేది కూడా స్వల్పం. దీనిని తరలించడానికి పెద్ద వాహనమూ అక్కరలేదు. అన్నింటికంటే ముఖ్యంగా, చిన్ననాటి నుండి చేరదీసిన మేకను తాడు పట్టి లాగనక్కరలేదు. అది తనంతట తానే వెంట వస్తుంది.

ఎవరికీ అక్కరలేని పోతుపిల్ల

పాడి కోసం మేకలను పెంచే మందలో ఆడపిల్ల పుడితే సంతోషం. పోతుపిల్ల పుడితే దానికి అంత విలువ ఉండదు. విత్తనానికి ఒకటి రెండు పోతులు చాలును గనుక మిగిలినవి చవకగా అమ్ముడవుతాయి. కొండదారి నడకకు మేకను పెంచేవారు సాధారణంగా ఈ మిగులు పిల్లలనే ఎంచుకొంటారు. ఆల్పైన్, సానెన్, టాగెన్‌బర్గ్, ఒబర్‌హాస్లీ, లామాంచా వంటి పెద్ద పాడి జాతుల పోతులు, వాటి సంకర పిల్లలు ఇందుకు తగినవి. విత్తులు కొట్టించిన పోతు పూర్తిగా ఎదిగితే 80 నుండి 100 కిలోల వరకు తూగుతుంది.

పిల్లను ఎంచుకొనేటప్పుడు ముద్దుగా ఉన్నదా అని కాక, తల్లి ఎలా ఉన్నదని చూడాలి. తల్లి కాళ్లు నిటారుగా, ఛాతీ వెడల్పుగా, వీపు సమంగా ఉండాలి. మనుషులను చూసి బెదిరే తల్లి కంటే దగ్గరకు వచ్చి వాసన చూసే తల్లి మేలు. మందకు కీళ్లవాపు తెచ్చే వైరస్ వ్యాధి లేదని పరీక్ష జరిగి ఉండాలి. సంక్షిప్తంగా సి.ఎ.ఇ. అని పిలిచే ఈ వ్యాధి ప్రధానంగా పాల ద్వారానే తల్లి నుండి పిల్లకు వస్తుంది. దానికి మందు లేదు. చిన్ననాడు పట్టిన ఈ వ్యాధి నడివయసులో మోకాళ్లను పట్టేస్తుంది. నడకకే పెంచిన మేకకు అంతకు మించిన నష్టం ఏముంటుంది?

తొలి పాలు

సీసాతో పెంచినా, తల్లి వద్ద వదిలినా, పుట్టిన పిల్లకు ముర్రుపాలు తప్పనిసరి. మేక గర్భంలో ఉన్న పిల్లకు తల్లి రక్తం నుండి రోగనిరోధక శక్తి చేరదు. అది ముర్రుపాల ద్వారానే రావాలి. ఆ రక్షక పదార్థాలను పిల్ల పేగులు యథాతథంగా గ్రహించగలిగేది తొలి 24 గంటలు మాత్రమే. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతూ ఉంటుంది. కనుక పుట్టిన ఒకటి రెండు గంటలలోనే మొదటిసారి పట్టి, తొలి రోజు ముగిసేలోగా పిల్ల బరువులో కనీసం పదోవంతు ముర్రుపాలు అందించాలి. నాలుగు కిలోల పిల్లకు అది 400 మిల్లీలీటర్లు. తల్లికి పైన చెప్పిన వైరస్ ఉన్నదన్న అనుమానం ఉంటే, ముర్రుపాలను 56-57 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక గంటసేపు ఉంచి చల్లార్చి పడతారు. మరిగిస్తే ముర్రుపాలు గడ్డకట్టి, రక్షక పదార్థాలు నశిస్తాయి.

ముర్రుపాల దశ దాటాక మేకపాలు శ్రేష్ఠం. అవి దొరకనిచోట చిక్కని ఆవుపాలు పనికివస్తాయి. రోజు మొత్తానికి పిల్ల బరువులో ఆరో వంతు నుండి అయిదో వంతు వరకు పాలు సరిపోతాయి. మొదటి వారం దానిని నాలుగు పూటలుగా, తరువాత మూడు పూటలుగా, నెల దాటాక రెండు పూటలుగా పంచుతారు. పాల వెచ్చదనం మేక ఒంటి వేడికి సమానంగా, అంటే 39 డిగ్రీల దగ్గర ఉండాలి. చలికి ముడుచుకుపోయి, నోరు చల్లబడిన పిల్లకు పాలు పట్టరాదు. ముందు ఒళ్లు వెచ్చబరచి, తరువాతే సీసా అందించాలి.

పాలు పట్టే తీరులో కూడా ఒక పద్ధతి ఉన్నది. పసిబిడ్డను పడుకోబెట్టినట్లు మేకపిల్లను వెల్లకిలా ఒడిలో పెట్టుకొని పాలు పట్టడం ప్రమాదకరం. పాలు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చును. పిల్ల తన కాళ్లపై నిలబడి, మెడ కాస్త పైకెత్తి తాగాలి. తల్లి పొదుగు వద్ద దాని భంగిమ అదే. మేకకు నాలుగు గదుల జీర్ణాశయం ఉన్నది. పిల్ల అలా చప్పరించి తాగినప్పుడు గొంతు దిగువన ఒక కాలువ మూసుకొని, పాలు పెద్దపొట్టలో పడకుండా నేరుగా నాలుగో గదికి చేరతాయి. పెద్దపొట్టలో పడిన పాలు పులిసి పిల్లకు అజీర్తి చేస్తాయి.

ఆకలిగా అరుస్తున్నదని అడిగినప్పుడల్లా పాలు పట్టడం జాలి కావచ్చును గాని మేలు కాదు. మితిమీరిన పాలతో విరేచనాలు పట్టుకొంటాయి. మన గొర్రెల కాపరులు చిటుకు రోగం అని పిలిచే జబ్బుకు కూడా అతిగా తినడం, తాగడం దారి తీస్తుంది. వేళకు, కొలతకు పాలు పట్టాలి. సీసా, పాలపీక ప్రతిసారీ వేడినీటితో కడగాలి. ఈ జాగ్రత్తలు కొండలెక్కే మేకలకే పరిమితం కావు. మన పల్లెలో తల్లి చనిపోయిన మేకపిల్లను బతికించుకోవడానికి కూడా ఇవే ఆధారం.

రెండో మూడో వారానికే పిల్ల లేత ఆకులను కొరకడం మొదలుపెడుతుంది. పెద్దపొట్ట పనిచేయడానికి, నెమరు అలవడడానికి అది అవసరం. మూడు నెలలు నిండేసరికి పాలు మాన్పించవచ్చును. అయితే నడక మేకలను పెంచేవారిలో కొందరు, పోషణ కంటే అనుబంధం కోసం, రోజుకు ఒక సీసా చొప్పున మరికొంత కాలం కొనసాగిస్తారు.

ఒంటరి పిల్ల ప్రమాదం

సీసా పాలలో ఒక చిక్కు ఉన్నది. పాలు పట్టినవారినే మేకపిల్ల తన మందగా భావిస్తుంది. ఈ గుణం వల్లనే అది వెంట నడుస్తుంది. ఇదే గుణం అదుపు తప్పితే ముప్పు తెస్తుంది. ఇతర మేకల ముఖమే చూడకుండా మనుషుల మధ్య ఒంటరిగా పెరిగిన పోతుపిల్ల, యుక్తవయసు రాగానే మనిషిని కూడా తోటి మేకగానే చూస్తుంది. మేకలు పెద్దరికాన్ని తేల్చుకొనేది తలతో ఢీకొట్టే. నాలుగు కిలోల పిల్ల మోకాలిని పొడిస్తే ఇంటిల్లిపాదీ నవ్వుకొంటారు. 90 కిలోల పోతు అదే పని చేస్తే ఎముకలు విరుగుతాయి. అప్పుడు దానిని దండించడం న్యాయం కాదు. అది నేర్చుకొన్నది మన నవ్వుల మధ్యనే.

అందుకే అనుభవజ్ఞులు రెండు నియమాలు చెబుతారు. మొదటిది, ఎన్నడూ ఒక్క పిల్లను పెంచరాదు, కనీసం రెండు ఉండాలి. మేక మందలో బ్రతికే జీవి. ఒంటరితనం దానికి శిక్ష వంటిది. తోటి పిల్లతో ఆడుకొంటూ అది మేకగానే పెరగాలి. మనిషి దానికి ఆటలో జోడీ కారాదు, మందకు పెద్దగా ఉండాలి. రెండవది, విత్తులు కొట్టించని పోతును నడక తోడుగా ఉంచుకోరాదు.

విత్తులు కొట్టించే వయసు విషయంలో కూడా తొందర పనికిరాదు. మరీ చిన్ననాడే ఆ పని చేస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోయి, తరువాత రాళ్లు అడ్డుపడతాయన్న భయంతో అనేకులు అయిదారు నెలల వరకు ఆగుతారు. అయితే పోతుపిల్ల మూడు నెలలకే కట్టు కట్టగలదు గనుక ఆలోగా ఆడపిల్లల నుండి వేరు చేయాలి. ఈ పనిని పశువైద్యుని చేత, నొప్పి తెలియని మందు ఇప్పించి చేయించడం ఉత్తమం.

కొట్టిన పోతులకు మూత్రంలో రాళ్లు పెద్ద శత్రువు. ధాన్యం, తవుడు మితిమీరితే వాటిలోని భాస్వరం రాళ్లకు దారి తీస్తుంది. మేతలో సున్నం భాస్వరానికి రెండింతలు ఉండాలన్నది పశువైద్యుల లెక్క. సామాన్య గృహస్థుకు తేలికగా చెప్పాలంటే, ఆకు, ఎండుగడ్డి, శుభ్రమైన నీరు, ఉప్పురాయి చాలును. ప్రేమతో దోసిళ్లకొద్దీ పెట్టే తవుడే దానికి కీడు. మేక మూత్రం కోసం పదే పదే వంగి ముక్కుతూ, చుక్కచుక్కగా పోస్తూ, బాధతో అరుస్తూ ఉంటే తెల్లవారేదాకా ఆగరాదు. అది ప్రాణాపాయం. వెంటనే పశువైద్యుని పిలవాలి. వీటితో పాటు వేళకు టీకాలు, పేడ పరీక్ష చేయించి నట్టల మందు, నెలకో రెండు నెలలకో ఒకసారి గిట్టలు కత్తిరించడం ఏ మేకకైనా తప్పనివి.

మర్యాద నేర్పే మొదటి సంవత్సరం

మొదటి సంవత్సరంలో మేక చదువంతా నడకే. రెండు మూడు వారాల పిల్ల పెరట్లో పెంచినవారి కాళ్ల వెంట తిరుగుతుంది. మూడు నెలలకు ఒకటి రెండు కిలోమీటర్లు, ఏడాది నిండేలోగా నాలుగైదు కిలోమీటర్లు ఆడుతూ పాడుతూ నడవగలదు. వీపు మీద ఏమీ ఉండదు. రాయి ఎక్కడం, పడిపోయిన చెట్టు దాటడం, వంతెన మీద నడవడం, వాహనంలో కుదురుగా కూర్చోవడం అన్నీ ఈ వయసులోనే అలవడాలి.

మేకకు నీరంటే ఇష్టం ఉండదు. చినుకు పడితేనే చూరు కిందికి పరుగెడుతుంది. అలాంటిది కొండవాగు దాటాలంటే చిన్ననాటి సాధన కావాలి. వెనుక నుండి తోస్తే అది మొండికేస్తుంది. పెంచినవారే ముందు నీటిలో దిగి అవతలి ఒడ్డుకు నడిస్తే, కాసేపు అరిచి, అటూ ఇటూ తిరిగి, చివరకు తానూ దిగుతుంది. ముందు నడిచినవారినే అది అనుసరిస్తుంది. తోలినవారి మాట వినదు.

హద్దులు నేర్పేది కూడా ఇప్పుడే. మనిషి మీదికి ఎగబడరాదు, ఒడిలోకి ఎక్కరాదు, దుస్తులు నమలరాదు, తలతో నెట్టరాదు. ఆటకు కూడా దాని నుదుటిని చేతితో తోయరాదు, కొమ్ములు పట్టి ఊపరాదు. ఇవి మేక భాషలో పోటీకి పిలుపులు. ఇంట్లో పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. తప్పు చేసినప్పుడు గట్టిగా ఒక మాట, ముఖం మీద చిలకరించిన కొద్ది నీరు చాలు. కొట్టి నేర్పితే మేక భయం నేర్చుకొంటుంది గాని మర్యాద నేర్చుకోదు. భయపడిన మేక కొండ అంచున ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు.

రోజూ కాళ్లు ఎత్తి పట్టుకోవడం, చెవులు, నోరు చూడడం, పలుపుతో కాసేపు కట్టి ఉంచడం కూడా అభ్యాసంలో భాగమే. కట్టువేస్తే గింజుకోకుండా నెమరు వేస్తూ పడుకొనే మేకతోనే అడవిలో రాత్రి గడపవచ్చును.

బరువుకు తగిన వయసు

మేక ఏడాదికే పెద్దదానిలా కనిపిస్తుంది. కాని ఎముకల చివర్లు పూర్తిగా గట్టిపడటానికి మూడు నుండి నాలుగేళ్లు పడుతుంది. ఆలోగా బరువు మోపితే వీపు కుంగుతుంది, కీళ్లు అరుగుతాయి. ఆ నష్టం వెంటనే కనబడదు. ఏడెనిమిదేళ్ల వయసులో, మేక మంచి పనిలో ఉండవలసిన కాలంలో బయటపడుతుంది.

కనుక బరువును మెట్టు మెట్టుగా పెంచుతారు. ఏడాది పిల్లకు ఖాళీ సంచి మాత్రమే. వీపుపై ఏదో ఉన్నదన్న భావన అలవడటానికి, చెట్ల మధ్య దాని వెడల్పు తెలియడానికి అది సాయపడుతుంది. రెండవ ఏట తేలికపాటి దుస్తులు, దుప్పటి వంటివి. మూడవ ఏట మరికొంత. నాలుగు నిండిన తరువాతనే పూర్తి బరువు. పూర్తి బరువు అంటే మేక ఒంటి బరువులో నాలుగో వంతుకు మించనిది, అందులోనూ జీను బరువు కలిపి. 90 కిలోల పోతుకు ఈ లెక్కన 22 కిలోల వరకు వస్తుంది. జాగ్రత్తపరులు అయిదో వంతు దగ్గరే, అంటే 18 కిలోల వద్దే ఆగుతారు. మన ప్రాంతపు 35 కిలోల మేకకు ఇదే లెక్క వేస్తే ఏడెనిమిది కిలోలు. అది మనిషి భుజాన మోసుకోగల బరువే. ఈ పనికి పెద్ద జాతులనే ఎందుకు ఎంచుకొంటారో దీనిని బట్టి అర్థమవుతుంది.

జీను సాధారణంగా రెండు కొయ్య పలకలను ముందు వెనుకల అడ్డకర్రలతో బిగించి చేస్తారు. కింద మందపాటి మెత్త వేస్తారు. జీను భుజపు ఎముకల వెనుక, పక్కటెముకల మీద కూర్చోవాలి. నడుము మీదికి జారరాదు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా రొమ్ము పట్టీ, దిగేటప్పుడు ముందుకు జారకుండా వెనుక పట్టీ ఉంటాయి. రెండు పక్కల పెరికలూ చేతిత్రాసుతో తూచి సమానంగా నింపాలి. ఒక పక్క అరకిలో ఎక్కువైనా జీను మెల్లగా పక్కకు తిరిగి, సాయంత్రానికి వీపు రాసుకొని పుండు పడుతుంది. మేక ఆ సంగతి నోటితో చెప్పలేదు. రాత్రి జీను దించాక వీపు మీద చేయి వేసి తడిమి చూసుకోవడం పెంచినవారి విధి.

బాట మీద

అలవాటుపడిన మేక కొండదారిలో రోజుకు పది పదిహేను కిలోమీటర్లు నడుస్తుంది. అయితే నడుమ నడుమ ఆగి మేయనివ్వాలి, కూర్చొని నెమరు వేయనివ్వాలి. ఎండ దానికి గట్టి పరీక్ష. ఎక్కువగా చెమట పట్టని ఒళ్లు కావడం వలన నోరు తెరిచి వగరుస్తుంది. కొమ్ముల ద్వారా కూడా కొంత వేడి బయటకు పోతుంది గనుక నడక మేకలకు కొమ్ములు ఉంచేవారు ఎందరో. చిన్నపిల్లలున్న ఇంట కొమ్ములు వద్దనుకొనేవారు మొదటి ఒకటి రెండు వారాలలోనే పశువైద్యుని చేత మొలకలను కాల్పిస్తారు.

బాట మీద మేకకు ఉన్న పెద్ద ప్రమాదం పులులూ ఎలుగులూ కావు, తాడు లేకుండా తిరిగే పెంపుడు కుక్కలు. విషపు మొక్కలు మరొక ప్రమాదం. ఆ కొండలలో రోడోడెండ్రాన్ జాతి పొదలను చూసి జాగ్రత్తపడతారు. మన ఊళ్లలో గన్నేరు ఎంత ప్రమాదమో మేకల కాపరులకు చెప్పనక్కరలేదు.

ఈ కథలో ఒక విచిత్రమైన మలుపు కూడా ఉన్నది. పెద్దకొమ్ముల అడవి గొర్రెలపై పరిశోధన చేసినవారితోనే ఈ అలవాటు మొదలైనదని పైన చెప్పుకొన్నాము. ఇప్పుడు ఆ అడవి గొర్రెల క్షేమం కోసమే కొన్ని చోట్ల నడక మేకలపై ఆంక్షలు వచ్చాయి. పెంపుడు గొర్రెలు, మేకలు తాము జబ్బు పడకుండానే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిని మోయగలవు. అది అడవి గొర్రెలకు సోకితే న్యుమోనియాతో మందలు మందలుగా చనిపోతాయి. వయోమింగ్‌లోని షోషోన్ జాతీయ అటవీ ప్రాంతంలో ఇవి నివసించే చోట్ల మేకలను తీసుకుపోవడంపై పరిమితులు విధించారు. మేకల యజమానులు తమ మేకలకు పరీక్షలు చేయించి, వాటిని ఎల్లప్పుడూ అదుపులో ఉంచుతామని వాదిస్తున్నారు. అటవీ అధికారులు ముందుజాగ్రత్తే మేలంటున్నారు. మనకు ప్రియమైన జీవి మరొక జీవికి ముప్పు కాకుండా చూడటం కూడా పెంపకంలో భాగమేనని ఈ వివాదం గుర్తుచేస్తున్నది.

మేక మనసు

మేకకు మనిషితో అనుబంధం ఉంటుందా, లేక మేత కోసమే వెంట పడుతుందా? పెంచినవారి అనుభవానికి శాస్త్రం కూడా కొంత బలం చేకూర్చినది. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఉన్న ఒక మేకల ఆశ్రమంలో కొన్ని పరీక్షలు జరిపారు. మీట లాగి, పైకెత్తి తెరిచే పెట్టె కిటుకును నేర్చుకొన్న మేకలు పది నెలల తరువాత కూడా దానిని మరచిపోలేదని 2014లో వెల్లడించారు. తాము తెరవలేని పెట్టె ఎదురైనప్పుడు మేకలు పక్కనున్న మనిషి ముఖం వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూస్తాయని 2016లో ప్రకటించారు. కోపంగా ఉన్న ముఖం బొమ్మ కంటే నవ్వుతున్న ముఖం బొమ్మ దగ్గరకే అవి ముందుగా వెళ్తాయని 2018లో తెలిపారు. మేకకు జ్ఞాపకం ఉన్నది, మనిషి ముఖాన్ని చదివే శక్తి ఉన్నది, సాయం కోసం మనవైపు చూసే నమ్మకం ఉన్నది. మంచికైనా చెడుకైనా మనం దానికి చేసినది అది మనసులో ఉంచుకొంటుంది.

ఇంటికి తెచ్చే ముందే

మన కుటుంబాలలో ఈ విషయానికి మరొక ముఖం ఉన్నది. బక్రీద్‌కు నెలల ముందే మేకను కొని పెంచే ఇళ్లు మనవి. పిల్లలు దానికి పేరు పెడతారు, చేతితో ఆకు తినిపిస్తారు, పండుగనాడు కన్నీరు పెడతారు. ఆ కన్నీటికి కూడా ఖుర్బానీలో ఒక అర్థం ఉన్నది. అయితే ఖుర్బానీ కోసం పెంచే మేక వేరు, జీవితకాలపు తోడుగా పెంచే మేక వేరు. ఏ పిల్ల ఎందుకోసం ఇంటికి వచ్చినదో మొదటి రోజే పెద్దలు నిర్ణయించి పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. తోడు అని మాట ఇచ్చిన జీవిని ఏడాది తిరిగేసరికి ఖర్చు ఎక్కువైనదని సంతకు తోలితే, పిల్లవాడు నేర్చుకొనేది త్యాగం కాదు, మాట తప్పడం.

సరిగా పెంచిన కొట్టిన పోతు పన్నెండు నుండి పదిహేనేళ్లు బ్రతుకుతుంది. మొదటి నాలుగేళ్లు అది పెరుగుతుంది. తరువాతి ఆరేడేళ్లు మనకు బరువు మోస్తుంది. చివరి సంవత్సరాలలో దాని భారాన్ని మనం మోయాలి. పళ్లు అరిగిన మేకకు మెత్తని మేత, కీళ్లనొప్పుల మేకకు చలిగాలి తగలని కొట్టం ఏర్పరచాలి. పాలసీసా అందుకొన్న పదేళ్ల బిడ్డ, ఆ మేక ముసలిదయ్యేనాటికి ఇరవై రెండేళ్ల యువకుడో యువతియో అవుతారు. అంతకాలం నిలిచే బాధ్యతను నెత్తిన వేసుకోగలమా అన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతే పిల్లను ఇంటికి తేవాలి.

నోరులేని జీవి మన చేతిలో అమానత్. దాని బలం మనకు ఉపయోగపడే రోజు కోసం ఓపికగా ఆగడం, ఆ బలం ఉడిగిన రోజున కూడా దాని పక్కన నిలబడటం ఆ అమానత్‌కు మొదలు, తుద. ఈ రెండింటి నడుమ కొండదారిలో ముందు మనిషి, వెనుక మేక నడిచే కాలం ఆ ఓపికకు దక్కే ప్రతిఫలం.